చిట్టి గులాబీకి పేరు పెట్టడం

కొత్త గులాబీని పుట్టించినవాళ్లు దానికి ఏ పేరు కావాలంటే ఆ పేరు పెట్టుకోవచ్చా? మొక్క వాళ్లది కాబట్టి పేరు కూడా వాళ్లిష్టమే అనుకుంటారు చాలామంది. పేరు ఎంచుకునే హక్కు పెంపకందారుదే, అందులో సందేహం లేదు. కాని ఆ పేరు ఎంత పొడుగు ఉండవచ్చు, ఏ మాటలు అందులో రాకూడదు, ఏ భాషలో ఉండకూడదు అన్న విషయాలు ఒక అంతర్జాతీయ నియమావళిలో రాసి ఉన్నాయి. మూరెడు ఎత్తు దాటని మొక్కకు ఇంత కట్టుబాటు ఎందుకో తెలియాలంటే, గులాబీల్లో పేరు అన్నది దేనికి పెడతారో ముందు చూడాలి.

పేరు పెట్టేది దేనికి

మన నర్సరీల్లో బటన్ గులాబీ అని అమ్మే చిట్టి గులాబీలో పువ్వు, ఆకు, ముల్లు, కొమ్మ అన్నీ ఒకే పాళ్లలో చిన్నవి. పువ్వు వెడల్పు అంగుళం, అంగుళంన్నర ఉంటుంది. మొక్క జానెడు నుంచి మూరెడు దాకా పెరుగుతుంది. కొత్త రకం కావాలనుకున్నవారు రెండు గులాబీలను ఎంచుకుని సంకరం చేస్తారు. తల్లిగా ఎంచుకున్న మొగ్గ పూర్తిగా విచ్చకముందే రేకులు తీసేసి, పుప్పొడి రాలకముందే కేసరాలను సన్నని పట్టకారుతో గిల్లేస్తారు. మర్నాటికి కీలాగ్రాలు జిగురుగా మెరుస్తాయి. తండ్రి మొక్క నుంచి తెచ్చి ఆరబెట్టిన పుప్పొడిని అప్పుడు కుంచెతోనో వేలికొనతోనో వాటికి అద్దుతారు. తొడిమకు ఒక చీటీ కట్టి దాని మీద తేదీ, తల్లి పేరు, తండ్రి పేరు రాస్తారు. తల్లి పేరు ముందు రాయడం ఆనవాయితీ. సుమారు నాలుగు నెలల్లో కాయ పండి నారింజ రంగుకు తిరుగుతుంది. అందులోని గింజలను తడిగా ఉంచి కొన్ని వారాలు ఫ్రిజ్‌లో పెట్టి, ఆ తర్వాత విత్తుతారు. చలి సోకకపోతే గులాబీ గింజల్లో చాలావరకు నిద్ర లేవవు.

మొలిచినవాటిలో ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకే కాయలోని గింజల్లో ఒకటి తెల్లగా పూస్తుంది, ఒకటి ఎర్రగా పూస్తుంది, ఒకటి తీగలా సాగుతుంది, ఒకటి తెగులుకు రాలిపోతుంది. బంగినపల్లి మామిడి టెంక పాతితే బంగినపల్లి రాదని, అంటు కట్టాల్సిందేనని తోటలున్న ప్రతి ఇంట్లో తెలుసు. గులాబీ సంగతీ అంతే. నచ్చిన మొలకను దాని గుణాలేవీ చెడకుండా పెంచాలంటే కొమ్మ నాటాలి, లేదా కన్ను అంటు కట్టాలి. చిట్టి గులాబీలను ఎక్కువగా కొమ్మలు నాటి సొంత వేళ్ల మీదే పెంచుతారు. వేరే మొదలు మీద అంటు కడితే మొక్క బలిసి, చిట్టి గులాబీకి ఉండవలసిన ఎత్తు దాటిపోతుంది.

పేరు పెట్టేది ఆ ఒక్క మొలకకు, దాని నుంచి కత్తిరించి పెంచిన ప్రతి కొమ్మకు. కాలిఫోర్నియాలో ఉన్నా, హైదరాబాద్ మేడ మీద కుండీలో ఉన్నా, ఆ పేరున్న మొక్కలన్నీ జన్యుపరంగా ఒక్కటే మొక్క. దాని గింజ నుంచి వచ్చిన మొక్క ఎంత పోలికగా ఉన్నా దానికి ఆ పేరు చెల్లదు. ఇందులో ఇంకో మలుపు కూడా ఉంది. ఒక్కోసారి మొక్క మీద ఒక కొమ్మ మాత్రమే ఉన్నట్టుండి మారిపోయి వేరే రంగులోనో వేరే తీరులోనో పూస్తుంది. దీన్ని తోటపనివారు స్పోర్ట్ అంటారు. అమెరికాలో 1931లో మొట్టమొదటి మొక్క పేటెంటు పొందిన 'న్యూ డాన్' ఇలా వచ్చిందే. 'డాక్టర్ డబ్ల్యు. వాన్ ఫ్లీట్' అనే తీగ గులాబీ ఏడాదికి ఒక్కసారే పూస్తుంది. దాని నుంచి వచ్చిన ఈ స్పోర్ట్ మళ్లీ మళ్లీ పూసింది. పువ్వు చూడటానికి అదే, వంశం అదే, అయినా గుణం మారింది కాబట్టి కొత్త పేరు తప్పలేదు.

నంబరుతో గడిచే ఏళ్లు

చిట్టి గులాబీ మొలక రెండు మూడు నెలల్లోనే తొలి పువ్వు పూస్తుంది. చూడగానే పేరు పెట్టాలనిపించడం సహజం. అనుభవం ఉన్న పెంపకందారులు మాత్రం ఆ పని చేయరు. మొదటి పువ్వులో రేకులు తక్కువగా ఉండవచ్చు, రంగు తేలిపోవచ్చు, ఆకులకు బూడిద తెగులు పట్టవచ్చు. ఎంపికైన మొలకను కొమ్మలతో పదికీ వందకీ పెంచి, ఎండలో, వానలో, చలిలో కొన్నేళ్లపాటు చూస్తారు. అంతకాలం దానికి ఉండేది ఒక నంబరే.

రంగును బట్టి పేరు పెట్టాలనుకున్నవారికి ఈ ఓపిక మరీ అవసరం. హార్మన్ శావిల్ పెంచిన 'రెయిన్‌బోస్ ఎండ్' ఎండలో పసుపు రేకుల అంచులకు ఎర్రదనం తెచ్చుకుంటుంది. కిటికీ పక్కన నీడలో పెంచితే దాదాపు పసుపుగానే ఉండిపోతుంది. అమెరికాకు చెందిన రాల్ఫ్ మూర్ 1971లో విడుదల చేసిన 'గ్రీన్ ఐస్' తెల్లగా విచ్చి మెల్లగా లేతాకుపచ్చకు తిరుగుతుంది, అదీ చల్లదనంలో, నీడలో బాగా కనిపిస్తుంది. 'బేబీ మాస్కరేడ్' పసుపుగా విచ్చి, గులాబీ రంగు మీదుగా ఎరుపుకు మారుతుంది. ఒకే చెట్టు మీద మూడు రంగులు ఒకేసారి కనిపించే ఈ పువ్వుకు మారువేషాల విందును గుర్తుచేసే పేరు చక్కగా అతికింది. ఇదే పువ్వును తొలిరోజు పసుపు చూసి పసుపు పేరు పెట్టి ఉంటే, కొన్నవాళ్లంతా వారం తిరక్కుండా మోసపోయామనుకునేవారు.

కొన్ని మొక్కలకు నంబరు తప్ప పేరు రాకుండానే జీవితం గడిచిపోతుంది. రాల్ఫ్ మూర్ (1907-2009) విసాలియా పట్టణంలోని తన సెకోయా నర్సరీలో 'రోజా విచురానా' అనే అడవి గులాబీని 'ఫ్లోరడోరా'తో సంకరం చేసి ఒక మొలకను తీశారు. దాని గుర్తు 0-47-19. అమ్మకానికి పెట్టే పువ్వు కాదది. కాని తల్లిగా వాడితే మంచి సంతానాన్నిచ్చేది, అందుకే మూర్ పేరు తెచ్చుకున్న చిట్టి గులాబీల వంశావళిలో ఆ అంకెలు పదే పదే కనిపిస్తాయి. జనం ఇళ్లకు చేరేదానికే పేరు కావాలి. పెంపకందారు చీటీలో పని జరగడానికి అంకె చాలు.

బొటనవేలంత మనుషుల పేర్లు

నేటి చిట్టి గులాబీల కథ స్విట్జర్లాండ్‌లో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోజుల్లో రూలే అనే సైనిక వైద్యాధికారి ఒక కొండ ఊళ్లో కిటికీల్లో కుండీల్లో పెరిగిన అతిచిన్న గులాబీని చూశారు. ఆయన చెప్పగా జెనీవాలోని వృక్షశాస్త్ర నిపుణుడు అన్రీ కొరెవాన్ దాన్ని సేకరించి, 1920ల తొలినాళ్లలో 'రోజా రూలేటీ' అని లాటిన్ పేరు పెట్టారు. అడవిలో సహజంగా పుట్టిన జాతికి పెట్టే పద్ధతి అది. ఆ మొక్క నిజానికి చైనా గులాబీ నుంచి తోటల్లో వచ్చిన ఒక మరుగుజ్జు రూపం. అందుకే నేడు దాన్ని 'రూలేటీ' అనే సాగు రకంగానే లెక్కిస్తున్నారు.

హాలండ్‌లోని బోస్కోప్ నర్సరీల ఊరికి చెందిన యాన్ డి వింక్ ఈ 'రూలేటీ'తో సంకరాలు చేశారు. అందులో ఒక ముదురు ఎరుపు పువ్వుకు ఆయన పెట్టిన పేరు 'పియాన్'. అమెరికాలో కొనార్డ్-పైల్ సంస్థను నడిపిన రాబర్ట్ పైల్ దాన్ని 1936లో అక్కడి మార్కెట్లోకి తెచ్చినప్పుడు ఆ పేరు మార్చి 'టామ్ థంబ్' అన్నారు. ఇంగ్లిష్ జానపద కథల్లో బొటనవేలంత పిల్లవాడు టామ్ థంబ్. ఆ మాట వినగానే మొక్క ఎంత ఉంటుందో అమెరికన్ ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది. గులాబీ అంటే పెద్ద పువ్వే అనుకునే కాలంలో, చిన్నతనాన్ని లోపంగా కాక సొగసుగా చూపించిన పేరు ఇది. చిట్టి గులాబీల వ్యాపారం నిలదొక్కుకోవడంలో దానికి తప్పక వాటా ఉంది.

ఆ తర్వాత డి వింక్ మొక్కలకు వచ్చిన పేర్లు చాలావరకు అదే దారి పట్టాయి: 'పిక్సీ', 'స్వీట్ ఫెయిరీ', 'రెడ్ ఇంప్', 'సిండరెల్లా'. అన్నీ కథల లోకం నుంచి వచ్చిన పేర్లే. స్పెయిన్‌లో పెద్రో దోత్ మరో దారి పట్టారు. ఆయన 1945లో ఇచ్చిన 'పెర్లా ద మొంత్సెరాత్' అంటే మొంత్సెరాత్ ముత్యం. అది ఆయన సొంత కతలోనియాలోని పుణ్యక్షేత్రమైన కొండ. ముత్యం అనడంలో పరిమాణమూ ఉంది, విలువా ఉంది. రాల్ఫ్ మూర్ పేర్లలో ఆట, ఉల్లాసం ఎక్కువ: 'లిటిల్ బకరూ', 'టాయ్ క్లౌన్', 1977లో వచ్చిన పసుపు పువ్వు 'రైజ్ ఎన్ షైన్'. తెల్లని రేకులకు ఎర్రంచు ఉండే 'మేజిక్ కారొసెల్' స్పెల్లింగులో ఆర్ అక్షరం రెండుసార్లు ఉంది. ఇంగ్లిష్‌లో ఒకటే వాడటం ఎక్కువ. అయినా నమోదైన స్పెల్లింగును ఎవరూ సరిదిద్దకూడదు, రెండు ఆర్‌లతోనే రాయాలి.

మనిషి పేరు పెట్టడమూ ఉంది. శావిల్ 1982లో ఒక లేత గులాబీ రంగు చిట్టి పువ్వుకు 'మిన్నీ పెర్ల్' అని పేరు పెట్టారు. అమెరికాలో కంట్రీ సంగీత వేదికల మీద నవ్వించిన శారా కానన్ రంగస్థల నామం అది. ఇంగ్లిష్ చెవికి అందులో 'మినీ' కూడా వినిపిస్తుంది, ముత్యం కూడా వినిపిస్తుంది. ఇన్ని అర్థాలు ఒద్దికగా కుదిరిన పేరు అరుదు. బతికున్నవారి పేరు పెడితే వారి అనుమతి, పోయినవారి పేరైతే కుటుంబం అంగీకారం రాతపూర్వకంగా తీసుకోవడం మర్యాద. నమోదు చేసేవారూ దాన్ని అడుగుతారు.

నియమావళి ఏమంటుంది

సాగు మొక్కల పేర్లకు అంతర్జాతీయ నియమావళి మొదటిసారి 1953లో అచ్చయింది. అప్పటి నుంచి అనేకసార్లు సవరించారు. దాని ప్రకారం సాగు రకం పేరును ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య రాస్తారు, అందుకే ఈ అధ్యాయంలో పేర్లకు ఆ గుర్తులున్నాయి. 1959 జనవరి 1 నుంచి కొత్త రకాలకు లాటిన్ పేర్లు పెట్టకూడదు, వాడుక భాషల్లోనే పెట్టాలి. లాటిన్‌ను సహజ జాతులకు వదిలేయడం దీని ఉద్దేశం. ఈ నియమం మంచిదే. అది ముందే ఉంటే 'రోజా రూలేటీ' చుట్టూ అంత గందరగోళం ఉండేది కాదు.

పేరు ముప్పై అక్షరాలు దాటకూడదు. ఇందులో ఖాళీలు లెక్కలోకి రావు. హైబ్రిడ్, వెరైటీ, స్ట్రెయిన్, ఇంప్రూవ్‌డ్ లాంటి మాటలు పేరులో రాకూడదు, ఎందుకంటే అవి ఏ మొక్కకైనా తగిలించగలిగినవి. ఒక్క అక్షరమో, ఒట్టి అంకెలో పేరు కాలేవు. మొక్క గుణాన్ని పెంచి చెప్పే పేర్లు, తప్పుదారి పట్టించే పేర్లు పనికిరావు. నాలుగడుగుల పొదకు 'మరుగుజ్జు' అని పేరుపెడితే కొన్నవాడు నష్టపోతాడు. చిట్టి గులాబీల వాళ్లు 'బేబీ', 'లిటిల్' లాంటి మాటలు పెట్టేముందు ఈ సంగతి చాలాసార్లు ఆలోచించాలి. కుండీలో అడుగుండే మొక్క మన వేడి ప్రాంతాల్లో నేలలో నాటితే మోకాలెత్తుకు వస్తుంది.

అన్నిటికంటే పట్టింపైన నియమం పోలికకు సంబంధించింది. గులాబీల్లో ఇప్పటికే ఉన్న పేరును మళ్లీ పెట్టకూడదు, దానితో గందరగోళపడేంత దగ్గరగా ఉన్నదాన్నీ పెట్టకూడదు. పాత మొక్క అంతరించిపోయినా ఆ పేరు అంత తేలిగ్గా ఖాళీ కాదు, ఎందుకంటే అది పుస్తకాల్లో, వంశావళుల్లో మిగిలే ఉంటుంది. అంతర్జాతీయ దస్తావేజుల్లో పేరు రోమన్ లిపిలోకి రావాలి. అక్కడ తెలుగు పేర్లకు ఒక చిక్కు ఉంది. సీత అన్న పేరును ఇంగ్లిష్‌లో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. ఆ నాలుగూ నమోదు అధికారి కళ్లకు ఒకదాన్నొకటి పోలినవే. ఒకసారి ఒక స్పెల్లింగుతో నమోదయ్యాక మిగతావి కొత్త రకాలకు దొరకడం కష్టం. పెట్టేవారు దీర్ఘాలు, ఒత్తులు ఏ అక్షరాలతో రాస్తారో ముందే తేల్చుకోవాలి.

గులాబీ పేర్లకు అంతర్జాతీయ నమోదు అధికారం 1955 నుంచి అమెరికన్ రోజ్ సొసైటీ చేతిలో ఉంది. దాని ప్రధాన కార్యాలయం లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్‌లో ఉంది. నమోదైన పేర్లు 'మోడరన్ రోజెస్' అనే గ్రంథపరంపరలో వస్తాయి. పెంపకందారు పేరు, తల్లిదండ్రులు, రంగు, రేకుల సంఖ్య, పువ్వు పరిమాణం, మొక్క తీరు అన్నీ దరఖాస్తులో ఇవ్వాలి. ఈ నమోదు ఆ మొక్క గొప్పదని వేసే ముద్ర కాదు. పేరు ఒకటే, దాని వెనక ఉన్న మొక్క ఒకటే అని చెప్పడం వరకే దాని పని. పేరు నిలబడాలంటే తేదీ ఉన్న ప్రచురణలో వర్ణనతో సహా అచ్చు కావాలి. నర్సరీ వాడు నోటితో చెప్పిన పేరు, చీటీ మీద రాసిన పేరు నియమావళి దృష్టిలో పేరు కాదు.

ఒకే మొక్కకు రెండు పేర్లు

పెద్ద గులాబీల్లో ప్రసిద్ధమైన 'పీస్' కథ చూస్తే పేర్ల చిక్కు తెలుస్తుంది. ఫ్రాన్స్‌లో ఫ్రాన్సిస్ మెయాన్ పెంచిన ఈ పువ్వుకు ఆయన తన తల్లి జ్ఞాపకంగా 'మదామ్ ఎ. మెయాన్' అని పేరు పెట్టారు. అది జర్మనీలో 'గ్లోరియా డేయి' అయింది, ఇటలీలో 'జోయా' అయింది. అమెరికాలో 1945 ఏప్రిల్ 29న పసడీనాలో దాన్ని 'పీస్' అని ప్రకటించారు. నాలుగు దేశాల్లో నాలుగు పేర్లున్నప్పుడు కొనేవారికి ఏది ఏదో తెలియడం ఎలా?

దీనికి పెంపకందారులు వేసిన దారి సంకేత నామం. పెంపకందారుకు గుర్తుగా మూడు అక్షరాలు ముందు పెద్దబడి అక్షరాల్లో వస్తాయి, తర్వాత చిన్నబడిలో మిగతా అక్షరాలు. కోర్డెస్ సంస్థ 'ఐస్‌బర్గ్' సంకేతం 'కోర్‌బిన్'. జర్మనీలో అదే మొక్క 'ష్నీవిట్‌షెన్'. శావిల్ 'రెయిన్‌బోస్ ఎండ్' సంకేతం 'శావలైఫ్'. సంకేతం ఏ దేశంలోనూ మారదు. అమ్మకపు పేరు ఆయా దేశాల్లో జనానికి నచ్చేలా మార్చుకోవచ్చు, కావాలంటే ట్రేడ్‌మార్కుగా కూడా నమోదు చేయించుకోవచ్చు. రకం పేరుగా నమోదైనది మాత్రం అందరిదీ. పెంపకందారు హక్కుల గడువు ముగిసినా ఆ మొక్కను అమ్మేవారు ఆ పేరుతోనే అమ్మాలని కొత్త వంగడాల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం చెబుతుంది.

కుండీ గులాబీల వ్యాపారంలో ఈ వ్యవస్థ ఒక చోట బలహీనపడింది. పౌల్సెన్ సంస్థ 'పరేడ్', కోర్డెస్ సంస్థ 'కోర్డానా' వంటి వరుస పేర్లతో రంగురంగుల చిట్టి గులాబీలను అమ్ముతాయి. కుండీ మీద కొన్నవారికి కనిపించేది ఆ వరుస పేరే. ఒక్కో రంగు వెనక ఒక్కో రకం ఉంటుంది, దాని అసలు పేరు మాత్రం చీటీ మీదికి రావడం అరుదు. మన కడియం, కడియపులంక నర్సరీల నుంచి లారీల్లో ఊళ్లకు వెళ్లే బటన్ గులాబీలు కూడా ఎక్కువగా ఎరుపు, పసుపు, తెలుపు అన్న రంగులతోనే చేతులు మారతాయి. అంత కష్టపడి ఎంచుకున్న పేరు చివరి మజిలీలో రాలిపోవడం బాధాకరం. నర్సరీ యజమాని కుండీకి ఒక చీటీ గుచ్చితే చాలు, కొన్నవాళ్లు అదే మొక్కను మళ్లీ వెతుక్కోగలుగుతారు, పెంపకందారు ఎవరో తెలుసుకోగలుగుతారు.

మన చట్టం, మన పేర్లు

భారత్‌లో గులాబీలకు పేర్లు పెట్టే సంప్రదాయం పాతదే. భారత వ్యవసాయ పరిశోధన మండలి తొలి డైరెక్టర్ జనరల్ బి. పి. పాల్ గోధుమల శాస్త్రవేత్త, గులాబీల ప్రేమికుడు. ఆయన పెంచినవాటిలో 'ఢిల్లీ ప్రిన్సెస్', 'బంజారన్', 'డాక్టర్ హోమీ భాభా' ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ఉద్యోగం మానేసి కొడైకెనాల్‌లో స్థిరపడిన వీరు వీరరాఘవన్, ఆయన భార్య గిరిజ మన వేడిని తట్టుకునే గులాబీల కోసం భారతీయ అడవి జాతులతో దశాబ్దాలుగా సంకరాలు చేశారు. వృక్ష శాస్త్రవేత్త జానకి అమ్మాళ్ పేరుతో వారి గులాబీ ఒకటుంది. మరొకటి 'గోల్డెన్ థ్రెషోల్డ్'. అది సరోజినీ నాయుడు 1905లో వెలువరించిన తొలి కవితా సంపుటి పేరు, హైదరాబాద్‌లో ఆమె ఇంటి పేరు కూడా. ఇవి చిట్టి గులాబీలు కావు. కాని మన నేలకు చెందిన మనుషులు, ఇళ్లు గులాబీల పేర్లలోకి ఎలా వస్తాయో చూపిస్తాయి.

మొక్క మీద హక్కులు కావాలనుకున్న భారతీయ పెంపకందారుకు 2001 నాటి మొక్క రకాల సంరక్షణ, రైతు హక్కుల చట్టం వర్తిస్తుంది. దానిలోని 17వ సెక్షన్ పేర్ల గురించే. ఒట్టి అంకెలు పేరు కాకూడదు. రకం గుణాల గురించి గాని పెంపకందారు ఎవరన్న దాని గురించి గాని గందరగోళం కలిగించకూడదు. ఏ వర్గం మతభావాలనూ గాయపరచకూడదు. చిహ్నాలు, పేర్ల దుర్వినియోగాన్ని అరికట్టే 1950 చట్టం నిషేధించిన పేర్లు వాడకూడదు. మతభావాల షరతు దేవుళ్ల పేర్లు పెట్టాలనుకునేవారికి ముఖ్యం. పువ్వుకు కృష్ణుడి పేరు భక్తితో పెట్టినా, రేపు ఆ పేరున్న కుండీ చెత్తకుప్పలో పడితే బాధపడేవారు ఉంటారన్నది ముందే ఆలోచించాల్సిన విషయం.

ఊరి పేర్ల విషయంలో మన చట్టం మరీ కచ్చితం. పేరులో కొంత భాగమైనా భౌగోళిక నామం ఉంటే నమోదు చేయకూడదు అన్నది సాధారణ నియమం. పెంపకందారు నిజాయితీతోనే ఆ పేరు వాడుతున్నారని రిజిస్ట్రార్ భావిస్తే మినహాయింపు ఇవ్వవచ్చు. కాబట్టి కడియంలో పుట్టిన గులాబీకి ఎవరైనా 'కడియం చిన్నారి' అని పెట్టాలనుకుంటే, ఆ మొక్కకూ ఊరికీ ఉన్న సంబంధాన్ని కాగితాలతో చూపించగలగాలి. అదే మొక్కకు ఒట్టి 'చిన్నారి' అంటే ఈ చిక్కే ఉండదు. అయితే అలాంటి ముద్దుపేర్లు తెలుగువాళ్లందరి నోట్లో ఉంటాయి కాబట్టి వాటిని మరొకరు ముందే తీసుకుని ఉండే అవకాశం ఎక్కువ. ప్రతిపాదించిన పేరు షరతులకు నిలవకపోతే రిజిస్ట్రార్ గడువు ఇచ్చి మరో పేరు అడుగుతారు. అందుకే దరఖాస్తు పెట్టేవారు నచ్చిన పేరుతో పాటు ఇంకో రెండు పేర్లను ముందే వెతికి, స్పెల్లింగులతో సహా సిద్ధంగా ఉంచుకుంటారు.